కత్తి తగిలితే పాకుతుందా?

ఆరేళ్ల కిందట బుగ్గ క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ చేయించుకున్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు పాఠకుల ప్రశ్నలకు రాసిన జవాబులు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా నాన్నగారికి 56 ఏళ్లు, ఇరవై ఏళ్లుగా ఖైనీ అలవాటు. ఎడమ బుగ్గ లోపల పుండు మూడు నెలలైనా మానకపోతే ముక్క పరీక్ష చేయించాం. క్యాన్సర్ అన్నారు. బుగ్గ, కింది దవడ ఎముక కొంత, మెడలో గ్రంథులు తీసేసి ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టాలట. మెడలో గడ్డ ఏమీ లేదు, అయినా కోస్తారట. కత్తి తగిలితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని, ముక్క తీయించడమే తప్పని మా పెదనాన్న అంటున్నారు. నాన్న మాట పోతుందని భయపడుతున్నారు, పసరు మందు వాడతానంటున్నారు. ఎలా ఒప్పించాలి?
– ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ పెదనాన్నగారి మాటే మా ఇంట్లోనూ అన్నారు. నేను నమ్మాను. నమ్మి ఏడు వారాలు పోగొట్టుకున్నాను. మొదటిసారి చూసిన డాక్టరు, పుండు చిన్నదే, బుగ్గ వరకు తీస్తే చాలు, పది రోజుల్లో అడ్మిట్ అవ్వండి అన్నారు. నేను తలూపి ఇంటికొచ్చి, ఎవరో చెప్పిన ఆకు ముద్ద రోజుకు రెండు పూటలా బుగ్గలో పెట్టుకుంటూ కూర్చున్నాను. నొప్పి కొంచెం తగ్గినట్టు అనిపించేది కూడా. ఏడు వారాల తర్వాత స్కాన్ తీస్తే జబ్బు దవడ ఎముకను తాకింది. నా ఎముక పోయింది కత్తి వల్ల కాదమ్మా, కత్తిని ఆపినందువల్ల. ఇది మీ నాన్నగారికి నా మాటగా చదివి వినిపించండి.

కత్తి తగిలితే పాకుతుందన్న నమ్మకం ఎలా పుట్టిందో నాకు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాక అర్థమైంది. మనవాళ్లు చాలామంది జబ్బు బాగా ముదిరాకే వస్తారు. అప్పటికే లోపల పాకి ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక అది బయటపడుతుంది, చూసినవాళ్లు దాన్ని కత్తి ఖాతాలో వేస్తారు. ముక్క పరీక్ష కూడా అంతే. చిన్న ముక్క తీసి చూడకుండా అది క్యాన్సరో కాదో, ఏ రకమో ఎవరూ చెప్పలేరు, అది తెలియకుండా ఏ డాక్టరూ వైద్యం మొదలుపెట్టరు. ముక్క తీసినందువల్ల ఈ పుండు ఒళ్లంతా పాకిపోదు.

ఇక మెడ సంగతి. గడ్డ చేతికి తగలకపోయినా ఆ గ్రంథుల్లో స్కాన్‌కు కూడా అందనంత చిన్నగా జబ్బు దాగి ఉండొచ్చు. దీని మీద పెద్ద పరీక్ష జరిగింది మన దేశంలోనే, ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో. డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం 2015లో ఆ ఫలితాలు ప్రకటించింది. తొలి దశ నోటి క్యాన్సర్ ఉండి మెడలో గడ్డ తగలని రోగుల్లో కొందరికి నోటితో పాటే మెడ గ్రంథులు కూడా తీశారు, మిగతావాళ్లకు గడ్డ కనిపిస్తే అప్పుడు తీద్దామని ఆగారు. మూడేళ్లకు చూస్తే ముందే తీసినవాళ్లలో 80 శాతం మంది బతికి ఉన్నారు, ఆగినవాళ్లలో 67.5 శాతం. లెక్కల మాస్టారిగా చెబుతున్నాను, వందమందిలో పన్నెండు పదమూడు మంది ప్రాణాలంటే చిన్న తేడా కాదు. అది తొలి దశవాళ్ల లెక్క, మీ నాన్నగారికి ఎముక కూడా తీయాలన్నారంటే మెడను వదిలేయకూడదనడానికి కారణం ఇంకా బలంగా ఉన్నట్టే.

మాట పోతుందన్న భయం నాకు బాగా తెలుసు, ముప్పై నాలుగేళ్లు మాట మీదే బతికినవాణ్ని. స్వరపేటిక గొంతులో ఉంటుంది, బుగ్గ ఆపరేషన్‌లో దాని జోలికి వెళ్లరు. అయితే వాపు వల్ల ఊపిరి ఆడక ఇబ్బంది పడతారని గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతారు, అది ఉన్నన్నాళ్లు శబ్దం రాదు. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మెలకువ వచ్చి మా ఆవిణ్ని పిలవబోతే గొంతులోంచి గాలే వచ్చింది, ఇక నా మాట అయిపోయిందనుకుని ఆ రాత్రంతా ఏడ్చాను. నాకు ఆరో రోజున గొట్టం తీశారు. మీ నాన్నగారికి ముందే చెప్పి, ఒక పలకో నోటు పుస్తకమో మంచం పక్కన పెట్టండి. గొట్టం తీశాక నాకు అన్ని అక్షరాలూ వచ్చాయి గానీ పెదవి ఒక పక్కకు లాగేసినందువల్ల ప, బ, మ సరిగా పలికేవి కావు, పెదవులు కలిస్తేనే కదా అవి వచ్చేది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి పన్నెండో ఎక్కం చదివేవాణ్ని, అందులో ప ఎన్నిసార్లు వస్తుందో చూడండి. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఫోన్లో కొత్తవాళ్లు ఒకటికి రెండుసార్లు అడుగుతారు, మనవడు ఒక్కసారి కూడా అడగడు.

ఆపరేషన్ రోజున నన్ను ఎనిమిది గంటలు లోపలే ఉంచారు. కాలి పక్కన ఉండే సన్నటి ఎముకను, దాని మీది చర్మంతో సహా తెచ్చి దవడగా అమర్చారు, కొందరికి ఛాతీ కండ తెచ్చి వేస్తారు. నా బుగ్గ లోపల కాలి వెంట్రుకలే మొలిచాయి, నాలుకకు తగిలి అసహ్యంగా ఉండేది, రేడియేషన్ మొదలయ్యాక రాలిపోయాయి. ముక్కు గొట్టం ఐదు వారాలు ఉంది. రెండు గంటలకోసారి రాగి జావ, పాలు, పప్పు తేట, మజ్జిగ, అన్నీ మా ఆవిడ పల్చటి గుడ్డలో వడగట్టి పోసేది. ఒక్క పలుకు ఉన్నా గొట్టం పూడుకుపోతుంది. పోసేటప్పుడు తల వైపు ఎత్తు పెట్టాలి, పోశాక నీళ్లతో కడగాలి.

కరెంటు అంటే షాక్ కాదని నాన్నగారికి చెప్పండి, ఎక్స్‌రే లాగే ఏమీ తెలియదు. నాకు 30 సిట్టింగులు ఇచ్చారు, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు ఇది మొదలవ్వాలి, పుండు మానుతుంటే చాలు, ఇంట్లో శుభకార్యం ఉందనో మంచిరోజు లేదనో వాయిదా వేయొద్దు. దానికి ముందే పళ్ల డాక్టరుకు చూపించి పాడైన పళ్లు తీయించేయాలి, ఎందుకంటే రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. మూడో వారం నుంచి నోరంతా పచ్చి పుండులా అయ్యింది, మజ్జిగ కూడా మండేది, రుచి పూర్తిగా పోయింది. ఆ వారాల్లోనే చాలామంది మానేస్తారు. నేనూ ఒక సోమవారం వెళ్లనని మొండికేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు, ఆటో పిలిచి గుమ్మంలో నిలబడింది, వెళ్లాను.

డబ్బు విషయానికి వస్తే మీ జిల్లా వాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లదే హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. పెదనాన్నగారితో వాదించకండి, ఆయన్నీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, ఆయన అనుమానాలు అక్కడే అడగనివ్వండి. ఆ ఓపీలోనే ఆపరేషన్ అయి రెండు మూడేళ్లయినవాళ్లు చెకప్‌కు వస్తారు, వాళ్ల పక్కన నాన్నగారిని కూర్చోబెట్టండి, మిగతాది వాళ్లే మాట్లాడతారు. ఖైనీ మాత్రం ఇవాళే మానాలి. సాయానికి 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

ప్రశ్న: మా వారికి రేడియేషన్ అయి మూడు నెలలైంది. నోరు ఒక వేలు పట్టేంతే తెరుచుకుంటోంది. నొప్పి అని ఎక్సర్‌సైజ్ చేయడం లేదు. అదే వస్తుందిలే అంటున్నారు.
– ఒక భార్య, నల్గొండ

జవాబు: అదే రాదమ్మా, రోజురోజుకీ ఇంకా బిగుసుకుంటుంది. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. నేను ఐస్‌క్రీమ్ పుల్లల కట్టతో చేశాను. పళ్ల మధ్య పట్టినన్ని పెట్టి కాసేపు ఉంచడం, కొన్నాళ్లకు మధ్యలోకి ఇంకో పుల్ల దూర్చడం, రోజుకు ఐదారుసార్లు. తొమ్మిది పుల్లలతో మొదలుపెట్టి పందొమ్మిదికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. పుల్లల లెక్క క్యాలెండర్ మీద రాయండి, పెరగడం కళ్లకు కనిపిస్తే మగవాళ్లకు పట్టుదల వస్తుంది, నాకు అలాగే వచ్చింది. ముందు ఫిజియోథెరపీ వాళ్లను అడిగి ఎంత బలంగా చేయాలో తెలుసుకోండి. మెడ ఆపరేషన్ కూడా అయి ఉంటే భుజం ఎక్సర్‌సైజులూ అడగండి, లేకపోతే చొక్కా తొడుక్కోవడానికి కూడా చెయ్యి లేవదు. బాగా తెరుచుకుంటున్న నోరు ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఎక్సర్‌సైజుతో సరిపెట్టకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి, జబ్బు తిరగబెట్టిందేమో వాళ్లు చూస్తారు.

ప్రశ్న: నేను పొగాకు ముట్టను. వట్టి వక్కపొడే నములుతాను. ఈమధ్య కారం తగిలితే నోరు మండుతోంది, ఆవలిస్తే బుగ్గలు పట్టేస్తున్నాయి. పర్లేదా?
– 27 ఏళ్ల యువకుడు, కరీంనగర్

జవాబు: పర్లేదు కాదు బాబూ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే పొగాకు కలవని వక్కను కూడా క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. మండటం, బుగ్గలు బిగుసుకోవడం వక్క వల్ల వచ్చే జబ్బు లక్షణాలే కావచ్చు. అది ఇంకా క్యాన్సర్ కాదు, కొందరిలో అలా మారుతుంది. జేబులో ఉన్న పొట్లం పారేసి, ఈ వారంలోనే దగ్గర్లోని డెంటల్ కాలేజీకి వెళ్లి నోరు చూపించుకో. ముక్క తీసి చూస్తామంటే సరేనను.