ఎలుకకు మూడేళ్లు.. అప్పుకు నాలుగేళ్లా?

ప్రశ్న: మా ఇంట్లో మూడు ఆడ పెంపుడు ఎలుకలు ఉన్నాయి. మూడూ ఒకే ఈతలో పుట్టినవి, వయసు 20 నెలలు. కొన్ని నెలల కిందట ఒకదానికి పొట్ట దగ్గర కణితి వస్తే క్రెడిట్ కార్డు మీద శస్త్రచికిత్స చేయించాను. అప్పటి నుంచి కార్డుకు కనీస మొత్తమే కడుతున్నాను. ఇప్పుడు రెండోదానికీ గడ్డ కనిపించింది. కార్డు బాకీ, ఈ శస్త్రచికిత్స, ఒక పెద్ద పంజరం.. అన్నింటికీ కలిపి 48 నెలల వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాను. ఒక జతను తెచ్చి పిల్లలు పెట్టించి అమ్మితే వాయిదాలు వాటంతట అవే తీరిపోతాయని స్నేహితురాలు చెబుతోంది. నెలకు జీతంలో పదో వంతు మిగులుతుంది. అత్యవసర నిధి అంటూ ఏమీ లేదు. ఏం చేయమంటారు?

జవాబు: రుణం తీసుకోవద్దు. పెంపుడు ఎలుక సాధారణంగా రెండు నుంచి మూడేళ్లు బతుకుతుంది. మీవాటికి ఇప్పటికే 20 నెలలు. 48 నెలల రుణంలో చివరి వాయిదా కట్టే నాటికి ఈ మూడూ పోయి ఏళ్లు గడిచిపోతాయి, వడ్డీ మాత్రం మీతోనే ఉంటుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ల గురించి విన్నాం. ప్రేమతో పెట్టుకోబోవడం మీ ఉత్తరంలోనే చూస్తున్నాను.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. చిన్న జంతువులను పెంచే చాలామంది ఇదే పొరపాటు చేస్తారు. ఎలుక ధర, పంజరం, మేత.. ఈ మూడు లెక్కలు చూసుకుని చవకగా తేలిపోయిందనుకుంటారు. నిజానికి ఖర్చంతా వైద్యంలోనే ఉంటుంది. ఆడ ఎలుకకు క్షీరగ్రంథుల కణజాలం మెడ దగ్గర నుంచి తొడల దాకా వ్యాపించి ఉంటుంది. అందుకే గడ్డ చంక కిందా రావచ్చు, పొట్ట పక్కనా రావచ్చు. అండాశయాలు తొలగించని ఆడ ఎలుకల్లో ఏడాదిన్నర దాటాక ఇవి చాలా మామూలు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే, కానీ పెరుగుతూ పోతే నడవనివ్వవు. దీనికి తోడు ఊపిరితిత్తుల జబ్బు. మైకోప్లాస్మా అనే సూక్ష్మక్రిమి పెంపుడు ఎలుకల్లో చాలావాటి ఒంట్లో ముందే ఉండి, వయసు పైబడ్డాక బయటపడుతుంది. అంటే మీకు వచ్చినది అనుకోని ఆపద కాదు, రాబోతోందని ముందే తెలిసిన ఖర్చు. పైగా మూడూ ఒకే వయసువి కాబట్టి ఖర్చులూ దాదాపు ఒకేసారి వస్తాయి. మొదటిదైంది, రెండోది వచ్చింది. మూడోదాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పుడు కార్డు సంగతి. వడ్డీ నెలకు 3 శాతం అని రాసి ఉంటే, ఏడాదికి 36 శాతమని సరిపెట్టుకుంటారు. చక్రవడ్డీతో అది 42 శాతం దాటుతుంది. కనీస మొత్తంలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు అక్కడే కూర్చుంటుంది. దాన్ని నాలుగేళ్ల రుణంగా మారిస్తే వడ్డీ రేటు తగ్గవచ్చు. కానీ ఖాళీ అయిన కార్డు మీ చేతిలోనే ఉంటుంది, నిధి ఉండదు. మూడో ఎలుకకు గడ్డ వచ్చిన రోజు మళ్లీ ఆ కార్డే గీకుతారు. లోన్ యాప్‌ల వైపు మాత్రం కన్నెత్తి కూడా చూడవద్దు. దాని గురించి ఇంతకంటే రాయడానికి నాకు ఓపిక లేదు.

రెండో ఎలుక విషయంలో ఆలస్యం పనికిరాదు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తీయడం తేలిక. ముందు పశువైద్యుడి దగ్గర అంచనా రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్షలు, మత్తు, తర్వాతి మందులు, కుట్ల తనిఖీ అన్నీ అందులో ఉండాలి. ఆ వైద్యుడికి ఎలుకలతో అనుభవం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. ఎలుకలు వాంతి చేసుకోలేవు, అందుకే మత్తు ఇచ్చే ముందు వాటిని రాత్రంతా పస్తు ఉంచాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. కుక్కకు చెప్పినట్టే చెబితే మరొకరిని అడగండి. పంజరం ఆలోచన మానుకుంటే కొంత మిగులుతుంది. మిగతాదాన్ని వడ్డీ లేకుండా రెండు మూడు విడతల్లో తీసుకుంటారేమో ఆసుపత్రినే అడగండి. కుదరకపోతే ఇంట్లోవాళ్ల దగ్గర చేబదులు, అదీ తిరిగిచ్చే తేదీ చెప్పి. ఆ తర్వాత మీ మిగులంతా కార్డు బాకీ సున్నా అయ్యేదాకా అక్కడికే వెళ్లాలి.

బాకీ తీరిన మరుసటి నెల నుంచి అదే మొత్తం అత్యవసర నిధికి. నేను ప్రతి వారం చెప్పేదే, మళ్లీ చెబుతాను. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చులకు సరిపడా ఒక నిధి ఉండాలి. ఎలుకలది వేరే ఖాతాలో, వేరేగా ఉండాలి. రెండూ కలిపితే, మీ ఉద్యోగానికి ఇబ్బంది వచ్చిన నెలలో ఎలుక వైద్యమా, ఇంటి అద్దెనా అన్న ప్రశ్న వస్తుంది. ఎలుకల నిధి ఎంత? పైన తీసుకున్న అంచనాకు రెండింతలు, దానిపై ఊపిరితిత్తుల జబ్బుకు కొన్ని వారాల మందుల ఖర్చు. అంతకు తగ్గితే దాన్ని నిధి అనలేం. మూడు నెలల పిల్లలను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు ఈ మొత్తాన్ని 15తో భాగించి నెలనెలా పక్కన పెడితే, గడ్డలు మొదలయ్యే 18వ నెలకు డబ్బు సిద్ధంగా ఉంటుంది. అంత మొత్తం నెలకు పెట్టలేమనిపిస్తే ఎలుకలను తెచ్చుకునే ముందే తెలిసిపోతుంది, అదీ మంచిదే. డబ్బును పొదుపు ఖాతాలోనో, కావాలన్నప్పుడు త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండ్‌లోనో ఉంచండి, రాబడి గురించి ఆలోచించవద్దు. బీమా అంటారా, ఎలుకలకు పాలసీ దొరకడమే అరుదు. దొరికినా ఇప్పటికే ఉన్న గడ్డకు వర్తించదు.

చిన్న వయసులోనే అండాశయాలు తీయిస్తే క్షీరగ్రంథుల కణితులు బాగా తగ్గుతాయి. మీవాటికి ఆ సమయం దాటిపోయింది. కొత్తగా పెంచేవాళ్లు మాత్రం వైద్యుడిని అడిగి, తేదీ చూసుకుని, డబ్బు కూడబెట్టుకుని చేయించుకోవచ్చు.

ఇక పిల్లలు పెట్టించి అమ్మే ఆలోచన. మీ స్నేహితురాలు కాగితం మీద లెక్క వేసినట్టు లేరు. ఆడ ఎలుక 21 నుంచి 23 రోజుల్లో ఈనుతుంది. ఒక్కో ఈతలో పది పన్నెండు పిల్లలు మామూలే. ఈనిన ఒక రోజులోపే అది మళ్లీ చూలు కట్టగలదు కాబట్టి మగదాన్ని ముందే వేరు చేయాలి. పిల్లల్లో మగవాటిని, ఆడవాటిని ఐదు వారాలకల్లా విడదీయాలి, లేకపోతే అవే తల్లులవుతాయి. అంటే రెండు మూడు నెలల్లో మీకు కావలసింది ఒక పంజరం కాదు, నాలుగు. కొనేవాళ్లు దొరకని ప్రతి పిల్లా మీ ఖర్చే, అది ఆడదైతే ఏడాదిన్నర దాటాక దానికీ గడ్డ రావచ్చు. అప్పు తీర్చడానికి అప్పు కారణాన్నే పది రెట్లు చేసుకోవడం నాకు అర్థం కాని లెక్క.

పెద్ద పంజరం సరదాకే అయితే వాయిదా వేయండి, మూడింటికి ఇప్పుడున్నది నిజంగా ఇరుకైతే పాతది వెతకండి. లోపలి గూళ్లకు అట్టపెట్టెలు, ఊయలకు పాత గుడ్డలు చాలు. మేతలో పొదుపు చేసేంత ఖర్చే లేదు. కింద పరిచేదాంట్లో మాత్రం పిసినారితనం వద్దు. పైన్, దేవదారు పొట్టు చవకే, కానీ వాటి ఘాటు ఊపిరితిత్తులకు చేటు. కాగితంతో చేసినది వాడండి. మూత్రం వాసన ఘాటుగా తగిలిందంటే ఆ అమ్మోనియా వాటి ఊపిరితిత్తులకు ముందే తగిలినట్టు. వంటింటి తూకం మీద వారానికోసారి ఒక్కోదాన్ని గిన్నెలో కూర్చోబెట్టి బరువు రాసి పెట్టుకోండి. ఎలుకలు జబ్బును దాచుకుంటాయి, 300 గ్రాములది వారంలో 20 గ్రాములు తగ్గితే తూకమే ముందు చెబుతుంది. ముక్కు, కళ్ల చుట్టూ ఎర్రగా అంటుకుంటే రక్తమని హడావిడి పడి అర్ధరాత్రి అత్యవసర ఆసుపత్రికి డబ్బు పోయవద్దు. అది చాలాసార్లు పోర్ఫిరిన్ అనే స్రావం. అయితే ఒత్తిడికో జబ్బుకో గుర్తు కాబట్టి మర్నాడు చూపించండి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం తెల్లవారే దాకా ఆగవద్దు.

ఇంకొకటి మీరు ఇప్పుడే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే కాగితం మీద రాయాలి. ఏ వయసు దాకా, ఏ స్థితి దాకా శస్త్రచికిత్స? చురుగ్గా తింటూ, ఊపిరి బాగున్న 20 నెలల ఎలుకకు చేయించడంలో అర్థముంది. 30 నెలలు దాటి ఆయాసపడుతున్నదానికి నొప్పి తగ్గించే మందులు, చివరికి బాధ లేకుండా సాగనంపడమే వైద్యుడు సూచించవచ్చు. ఆసుపత్రి బల్ల దగ్గర ఏడుస్తూ తీసుకునే నిర్ణయాలే ఎక్కువగా కార్డు మీదకు ఎక్కుతాయి.

మూడింట్లో రెండు పోయి ఒకటే మిగిలే రోజు వస్తుంది. ఎలుక ఒంటరిగా ఉండలేదు, అప్పుడు తోడు కోసమని కొత్త పిల్లలను తెస్తారు, వాటిలో ఒకటి మిగిలితే ఇంకొన్ని. ఆ నాటికి మీ నిధి నిండి ఉంటే తెచ్చుకోండి, వయసుల్లో తేడా ఉండడం వల్ల ఖర్చులూ ఒకేసారి మీద పడవు. నిండకపోతే, ఎలుకలున్న మరో ఇంటివాళ్లను ఆ ఒక్కదాన్ని తీసుకుంటారేమో అడగండి. కొత్త తోడుకు అలవాటు పడడానికి రోజుల నుంచి వారాలు పడుతుంది, కాబట్టి రెండే మిగిలి, వాటిలో ఒకటి జబ్బు పడగానే వెతకడం మొదలుపెట్టండి.