జ్వరం తగ్గిన రోజు

చి.సౌ. సుజాతకు అత్తయ్య ఆశీస్సులు.

బాబుకి డెంగీ, ఎన్ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్ అని చెప్తూ నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నేను చెప్పింది సగమైనా విన్నావో లేదో. అందుకే రాస్తున్నా. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, విను.

జలుబూ దగ్గూ లేకుండా ఒక్కసారిగా 103 రావడం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు ఉండటం... నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఐదు రోజులు దాటాక అయితే ఐజీఎం అనే ఇంకో రక్తపరీక్ష చూడాలి, నువ్వు తొందరగా చేయించడం మంచిదైంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. మెడికల్ షాపువాడు ఇచ్చే నొప్పి బిళ్లలు, అంటే బ్రూఫిన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి, ముట్టుకోవద్దు. రక్తస్రావం పెరుగుతుంది.

అసలు భయపడాల్సింది జ్వరం తగ్గినప్పుడు. మీ మావయ్యకి ఇదే జబ్బులో ఐదో రోజు ఒళ్లు చల్లబడింది. పెరుగన్నం అడిగాడు. గండం గడిచిందని నేనే, అన్నీ తెలిసినదాన్నే, దేవుడి దగ్గర దీపం పెట్టాను. సాయంత్రానికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు, అరచేతులు మంచుముద్దలు. ఆ రాత్రే ఐసీయూ. ఆ ఒకటి రెండు రోజుల్లో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది. కాబట్టి విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, నాలుగు నుంచి ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకు.

లీటరు నీళ్లలో ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి గుక్కగుక్కగా తాగించు. కొబ్బరినీళ్లు, పల్చటి బియ్యం జావ కూడా. ఆయుర్వేదంలోనూ జ్వరంలో పేయ అని ఇచ్చేది ఈ జావే. బొప్పాయాకు రసం గురించి అడిగావు. ప్లేట్‌లెట్లు పెరిగాయని కొన్ని చిన్న అధ్యయనాలున్నాయి, గట్టి రుజువు మాత్రం లేదు. పైగా విషంలా చేదు. పిల్లాడు కక్కితే అది ఆకు వాంతో, జబ్బు వాంతో ఎలా తేల్చుకుంటావు? ఇప్పుడు వద్దు. తిప్పతీగ కషాయం కూడా కోలుకున్నాక, వైద్యుణ్ణి అడిగే. దానితో లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు.

పగలు కూడా వాడికి దోమతెర కట్టు. వాణ్ణి కుట్టిన దోమ తర్వాత చంటిదాన్ని కుడితే దానికీ అంటుకుంటుంది.

రేపటి రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు ఒక్కటే చూసి కంగారుపడకు, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఎంతుందో కూడా చూడు; అది పెరిగితే రక్తం చిక్కబడుతున్నట్టు. రిపోర్టు ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి.

మీ అత్తయ్య