ఎంజీ జే2: కొత్త బ్రష్‌లు వేసినా డైనమో చార్జ్ చేయట్లేదా?

తప్పు బ్రష్‌లది కాదు. హెడ్ (ఇంజిన్ పై భాగం) నుంచి కారే ఆయిల్‌ది.

1932లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జే2లో డైనమో ఇంజిన్ ముందు నిలువుగా నిలబడి ఉంటుంది. 847 సీసీ ఇంజిన్ పైనున్న క్యామ్‌షాఫ్ట్‌ను (వాల్వ్‌లు తెరిచే కడ్డీని) తిప్పేది దాని షాఫ్టే. 1928 మోరిస్ మైనర్ కారు నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. తెలివైనదే, కానీ పైన సీల్ పోతే ఆయిల్ నేరుగా కమ్యుటేటర్ (బ్రష్‌లు కరెంటు తీసుకునే రాగి భాగం) మీదికి!

1. విప్పేముందు మొదటి సిలిండర్‌ను టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థానానికి) తెచ్చి, డైనమో షాఫ్ట్‌ను పైభాగంతో కలిపే పై కప్లింగ్ రెండు సగాల మీదా గుర్తు గీయండి. చాలామంది వదిలేసేది ఇదే. డైనమో దిగాక క్రాంక్ కదిలినా, గుర్తు తప్పినా వాల్వ్ టైమింగ్ గోవిందా.
2. పై బెవెల్ గేర్ (ఏటవాలు పళ్ల గేర్) దగ్గర సీల్ మార్చండి.
3. హెడ్ నుంచి సంప్‌కు (అడుగున ఉండే ఆయిల్ తొట్టికి) ఆయిల్ దిగే దారిలో మడ్డి ఉంటే తీసేయండి. లేకపోతే కొత్త సీలూ ఆగదు.
4. కమ్యుటేటర్ శుభ్రంగా తుడవండి. ఆయిల్ పీల్చిన బ్రష్‌లు మళ్లీ వాడొద్దు.