టచ్ ప్యానెల్, చాక్‌పీసు, డీఎస్సీ: నల్లగొండ కొత్త టీచరమ్మకు జవాబు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ అయిపోయినయి. నల్లగొండల ఒక ప్రైవేట్ హైస్కూల్ల ఈ జూన్ నుంచి నైన్త్, టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్తున్న. క్లాసుల పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, దాని మీద కంపెనీ వీడియోలు వెయ్యాలె, ఎన్ని నిమిషాలు వేసిన్నో కూడా మేనేజ్‌మెంట్ చూస్తది. వీడియో నడిచినంత సేపు పిల్లలు సప్పుడు చెయ్యరు కానీ స్లిప్ టెస్ట్ పెడితే ఏం రాస్తలేరు. సీనియర్ సార్లేమో చాక్‌పీసే నయం అంటరు. హైదరాబాద్‌ల ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డిజిటల్ టీచింగ్ కోర్సుకు 60 వేలు కట్టు, ఎడ్‌టెక్ కంపెనీల జాబ్ పక్కా అంటున్నరు. నాయినేమో డీఎస్సీ చదువుకో అంటడు. ఏఐ వచ్చినంక టీచర్లతోని పనే ఉండదని నా క్లాసు పిల్లలే అంటున్నరు. ఏం చెయ్యాలె సార్?

జవాబు: చెల్లె, ముందుగాల పైసల సంగతి చూద్దాం, ఎందుకంటే వాళ్లు నిన్ను ఎక్కువ రోజులు ఆలోచించుకోనియ్యరు. కట్టకు. జాబ్ పక్కా అన్నోళ్లను పోయిన బ్యాచ్‌లో జాబ్ వచ్చినోళ్ల నంబర్లు రెండు ఇయ్యమను, ఏ కంపెనీ, ఏం పని, జీతం ఎంత అని నేనే మాట్లాడుకుంట అను, ఆ తర్వాత నీకు వచ్చే ఫోన్లు ఎన్నో చూడు. వాళ్లు నేర్పుతమనే దాంట్లో చాలా మటుకు ఫ్రీగానే ఉంది. దీక్ష అని కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫ్రీ ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది, 2017 సెప్టెంబర్ 5న మొదలైంది, మన టెక్స్ట్‌బుక్కులో పాఠం పక్కన ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది అదే, టీచర్ల కోసం పెట్టిన నిష్ఠ ట్రైనింగ్‌లు కూడా దాంట్లోనే ఉన్నయి. స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో కోర్సు వినడానికి పైసా లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. లేదు సార్, నాకు పేరున్న కాగితమే కావాలె అంటే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పీజీ డిప్లొమా ఉంది, రేపు ఎక్కడ చూపించినా నడుస్తది.

ఇప్పుడు అసలు ముచ్చట. వీడియో అప్పుడు సప్పుడు చెయ్యరు, స్లిప్ టెస్ట్‌లో ఏం రాయరు అన్నవ్ చూడు, నీ ప్రశ్న మొత్తంలో పనికొచ్చే మాట అదే. మస్తుమంది కొత్త టీచర్లు క్లాసు గప్‌చుప్‌గ ఉంటే పాఠం బాగా నడిచింది అనుకొని మురుస్తరు. వీడియోలో ఇంకెవరో లెక్క చేస్తుంటే చూసే పిల్లగానికి ప్రతి స్టెప్పు అర్థమైనట్టే ఉంటది, పెన్ను పట్టినంక తెలుస్తది మొదటి స్టెప్పే రాదని. దీంట్లో ప్యానెల్‌ది తప్పేం లేదు, పిల్లగానికి ఏ పనీ చెప్పకుండ చూపించుకుంట పోవుడే తప్పు.

టెన్త్‌లో బహుపదుల చాప్టర్ తీసుకో. జియోజీబ్రా అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తది, అంటే కరెంటు ఒక్కటి ఉంటే సాలు. దాంట్లో ఎక్స్ స్క్వేర్ ప్లస్ సీ అని కొట్టి సీకి ఒక స్లైడర్ పెట్టు, మైనస్ 4 దగ్గర ఆపు. వచ్చే వంపు గీత, అంటే పరావలయం, ఎక్స్ అక్షాన్ని మైనస్ 2 దగ్గర, 2 దగ్గర కోస్తది, ఇవే శూన్యాలు అని చెప్పు. ఇంక ప్యానెల్ ముట్టుకోకు. సీని మైనస్ 1 చేస్తే ఈ గీత ఏమైతదో నోటుబుక్కులో గీయుర్రి అను. ఒకరు గీత వెడల్పు చేస్తరు, ఒకరు పక్కకు జరుపుతరు, ఒకరు పైకి లేపుతరు. పక్కపక్కోళ్లను రెండు నిమిషాలు కొట్లాడనియ్యి, అప్పుడు స్లైడర్ జరుపు. గీత పైకి లేస్తది, మైనస్ 1 దగ్గర, 1 దగ్గర కోస్తది, క్లాసుల సగం మంది చూసిన్రా నేను చెప్పలే అని మొత్తుకుంటరు. సీ సున్నా కాడికి వస్తే అక్షానికి జస్ట్ తాకుతది, శూన్యం ఒక్కటే. 4 కాడికి తెచ్చి ఇప్పుడు శూన్యాలు ఎక్కడున్నయి అని అడుగు. లేవు టీచర్ అంటరు చాలామంది. ఎవడో ఒకడు మాత్రం ఉంటయి టీచర్, మనకు కనిపిస్తలేవు అంటడు. వాణ్ని కూసోపెట్టకు, బోర్డు దగ్గరికి పిలిచి ఎక్స్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు మైనస్ 4 సాధించమను, ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే మైనస్ వస్తది అని వాడే ఆగిపోతడు, వాస్తవ సంఖ్యల్లో లేదు అనే మాట అప్పుడు నువ్వు చెప్పొచ్చు. మొత్తం పీరియడ్‌లో స్లైడర్ జరిగింది నిమిషం కూడా ఉండదు.

ఇంకోటి, ప్యానెల్ మీద ఒక స్లైడ్ పోయి ఇంకోటి వస్తది, చాక్‌బోర్డు మీద రాసింది బెల్లు కొట్టేదాకా ఉంటది, వెనకబడ్డోడు మళ్లీ పైకి చూసుకుంటడు. కదిలేది ప్యానెల్ మీద చూపి, స్టెప్పులు బోర్డు మీద రాయి. ఎంత డిజిటల్ అయినా టెన్త్ పబ్లిక్ పెన్నుతోనే రాయాలె కదా.

చాక్‌పీసే నయం అనే సార్లతోని వాదం పెట్టుకోకు. ఏ లెక్కలో పిల్లలు ఎక్కడ జారుతరో వాళ్లకు తెలుసు, ఏ వీడియో చెయ్యెటోనికీ అంత తెల్వదు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసుడు, బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి మొదటి దానికే గుర్తు మార్చి రెండోదాన్ని ఇడిసిపెట్టుడు, ఇట్లాంటియి. నీ లీజర్ పీరియడ్‌లో పోయి ఆ సార్లలో ఒకరి క్లాసుల వెనక బెంచీ మీద కూసో, పాఠం రాసుకోకు, ఆయన ఎక్కడ ఆగి మళ్లీ అడుగుతున్నడో అది రాసుకో. అది ఏ కోర్సుల దొరకదు, 60 వేలు కాదు కదా ఆరు లక్షలు పెట్టినా.

వాట్సాప్ గ్రూపుల వీడియో లింక్ పెట్టి హోంవర్క్ ఇచ్చిన అనుకోకు, నీది దేవరకొండ దిక్కే కాబట్టి తండాల సంగతి నాకన్న నీకే ఎక్కువ తెలుసు. కరోనాలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ చదువుల టీవీ ఛానెల్ టీశాట్‌లో పాఠాలు వేసిన్రు, టీవీ ఉన్న ఇంట్లో ఎట్లనో నడిచింది, ఫోన్ మీద ఆధారపడ్డోళ్లకు ఇంట్ల ఉన్న ఒక్క ఫోనూ నాయిన ఎంబడి చేనుకు పాయె. ఇప్పటికీ చాలా ఇండ్లల్ల అంతే. హోంవర్క్ కాగితం మీద చేసేటట్టు ఉండాలె, వీడియో ఉంటే అదనం అంతే. ఫోన్ పనికొచ్చే కాడ స్కూల్లోనే వాడుకో, త్రికోణమితి అప్పుడు స్కూలు వాటర్ ట్యాంక్ ఎత్తు ఒక గ్రూపు ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌తోని, ఇంకో గ్రూపు స్ట్రా, కోణమానిని, దారం కట్టిన రాయితోని కొలవాలె, ఎవరిది ఎందుకు తేడా వచ్చిందో కొట్లాడాలె.

ఇక నాయిన మాట. నాయిన చెప్పిందే కరెక్ట్, కాకపోతే ఏ పోస్టుకో తెల్వకుండ పుస్తకాలు కొనకు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ప్రైమరీ పోస్టులకు బీఈడీ చెల్లదు, కాబట్టి ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్టు మర్చిపో, నీది హైస్కూల్ పోస్టు, స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 2 రాయాలె, 150 మార్కులకు, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ, మిగతా 80 డీఎస్సీ పరీక్షకు. అందుకే టెట్ పాసైనం సాలు అనుకోవద్దు, స్కోరు తక్కువొస్తే మళ్లీ రాయి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వేసిన్రు, ప్రతిసారి అన్ని వస్తయని నమ్ముకొని ఉన్న జాబ్ బంద్ చేసి హాస్టల్‌లో కూసునుడు నాకైతే నచ్చదు. చేస్తూ చదువు. మెథడాలజీ, పెడగాజీ ప్రశ్నలు బట్టీ కొట్టినోళ్లకన్న క్లాసుల నిలబడ్డోళ్లకే జల్ది తడ్తయి. 2020 పీఆర్సీ, అంటే జీతాల సవరణ ప్రకారం స్కూల్ అసిస్టెంట్ బేసిక్ 42,300 నుంచి మొదలైతది, నీ ప్రైవేట్ జీతం పక్కన పెట్టి చూసుకో. డీఎస్సీ ఒక్కటే కాదు, కేంద్రం పెట్టే టెట్, సీటెట్ కూడా రాయి, కేంద్రీయ విద్యాలయాలు, మన జిల్లాలనే చలకుర్తి నవోదయ లాంటియి ఉన్నయి, నీకు ఎమ్మెస్సీ ఉంది కాబట్టి 11, 12 క్లాసులు చెప్పే పీజీటీ పోస్టుకు కూడా వస్తవు.

సర్కారు బడికి పోతే ఈ డిజిటల్ అంతా వేస్ట్ అయితదేమో అనుకోకు, 2022 మార్చిలో వనపర్తిల సర్కారు బడులను బాగుచేసే మన ఊరు మన బడి పథకం మొదలుపెట్టినంక హైస్కూళ్లకు పెద్ద ప్యానెళ్లు వచ్చినయి. కొన్ని చోట్ల కవరు కూడ తియ్యకుండ ఉన్నయి అనేది వేరే ముచ్చట. వాడెటోళ్లు కావాలె ఆడ.

ఎడ్‌టెక్ కంపెనీ వద్దని అంటలేను, ఇప్పుడే వద్దంటున్న. ఆడ ఫ్రెషర్‌కు ఇచ్చే పని ఎక్కువగా ప్రశ్నలు తయారుచేసుడు, ఇంకొకరు రాసినయి సరిచూసుడు, రోజుకు ఇన్ని అని టార్గెట్. కరోనాలో మస్తుమందిని తీసుకున్నరు, బడులు తెరిచినంక మస్తుమందిని తీసేసిన్రు. మూడు నాలుగేండ్లు క్లాసు చెప్పి పోతే వేరే సీట్ల కూసోబెడ్తరు, అప్పుడు నీ దగ్గర అమ్ముకునే సరుకు ఉంటది.

ఏఐ గురించి పిల్లలతోని వాదించకు, వాడి చూపియ్యి. ఒక లెక్క కావాలని తప్పుగ సాధించి ఇయ్యమని దాన్నే అడుగు, ప్రింట్ తీసి తప్పు ఎక్కడుందో పట్టమని పిల్లలకియ్యి. ముందు నువ్వు చూసుకో కానీ, అది అడగని కాడ కూడా తప్పు చేస్తది, తెలుగు మీడియం పదాలైతే మరీ.

ఆఖరుకు నీ వీడియో నిమిషాల లెక్క. మేనేజ్‌మెంట్ పైసలు పెట్టి కొన్నది, వాడలేదంటే కాలుతది, అది సహజం. ఆ బహుపదుల క్లాసు ఒక సెక్షన్‌కు ఇట్ల చెప్పు, ఇంకో సెక్షన్‌కు ఉత్త వీడియో వెయ్యి, రెండింటికీ ఒక్కటే స్లిప్ టెస్ట్ పెట్టి పేపర్లు తీసుకొని ప్రిన్సిపాల్ దగ్గరికి పో. ఫలితం చూసినంక వీడియో సెక్షన్‌కు కూడా మళ్లీ చెప్పు, ఆ పిల్లలేం పాపం చేసిన్రు. ప్యానెల్ వాడుతనే ఉన్న మేడం, వీడియో బదులు ఇది నడపనియ్యుర్రి అను. స్టాఫ్ మీటింగ్‌ల అందరి ముందట మాత్రం అనకు, ఒక్కరే ఉన్నప్పుడు అను.