ముందు చెంపలు రెండే

అల్లుడూ,

గడ్డం గీసుకునే మడత కత్తి (స్ట్రెయిట్ రేజర్) కొనేశానని, ఈ ఆదివారమే మొదలుపెడతానని నువ్వు రాసింది చదివి సంతోషించాను, కొంచెం కంగారు కూడా పడ్డాను. "ఎలా గీసుకోవాలో నాలుగు ముక్కల్లో చెప్పు మామయ్యా" అన్నావు. నాలుగు ముక్కల్లో చెప్పగలిగింది ఒక్కటే ఉంది. మొదటి రోజు ముఖమంతా గీసుకోవద్దు. చెంపలు రెండూ కత్తితో గీసుకో, మిగతాది నీ పాత రేజర్‌తో కానిచ్చెయ్. అలా కనీసం వారం రోజులు. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నీ వయసులో నేను మొదటి రోజే మొత్తం గీసెయ్యాలని పట్టుబట్టాను. చెంపలు నున్నగా వచ్చేసరికి ధైర్యం వచ్చింది. నేరుగా గడ్డం గుబ్బ మీదికి దిగాను. అప్పటికి నురుగు ఆరిపోయింది, కొత్త పని కాబట్టి చెయ్యి కూడా బిగుసుకుపోయింది. ఆ వంపు దగ్గర కత్తి ముందుకు రావాల్సింది పోయి పక్కకి జారింది. గాటు చిన్నదే, రక్తం మాత్రం చాలాసేపు ఆగలేదు. ఆ భయంతో మూడు నెలలు కత్తి ముట్టుకోలేదు. పోయింది ఆ మూడు నెలలే అని నాకు ఇప్పటికీ బాధ. చెంప బల్లపరుపుగా ఉంటుంది, కింద ఎముక ఆసరా ఉంటుంది, చర్మం తేలిగ్గా బిగుస్తుంది. చెయ్యి అక్కడే నేర్చుకోవాలి.

కత్తి సంగతి ముందు చూసుకో. కొత్త కత్తి పెట్టెలోంచి తీయగానే గడ్డానికి పనికొస్తుందని అనుకోకు. చాలావాటికి కార్ఖానా పదునే ఉంటుంది, అది కాగితాన్ని కోస్తుంది గానీ గడ్డాన్ని పీకుతుంది. అంచు మీద బొటనవేలు పెట్టి పదును చూడటం వద్దు, వేలూ తెగుతుంది, అంచూ చెడుతుంది. ముంజేతి మీద చర్మానికి తగలకుండా రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున నెమ్మదిగా జరిపి చూడు. వెంట్రుకలు చిటుక్కున తెగి రాలితే సరే. వంగి కత్తి కిందనుంచి తప్పించుకుంటుంటే దాన్ని తెలిసినవాళ్లతో నూరించాలి. కొత్తవాళ్లు వదిలేసేది ఎక్కువగా ఈ కారణంగానే. మొద్దు కత్తితో గీసుకుని, మంట పుట్టి, తప్పు తమ చేతిదే అనుకుంటారు.

వెడల్పు 5/8 అంగుళం అన్నావు, మొదలుపెట్టడానికి అది చక్కని కొలత. మొన గుండ్రంగా ఉందో లేదో నువ్వు రాయలేదు, చూసుకో. కోసుగా ఉంటే ఆ మూల చెవి దగ్గర, ముక్కు దగ్గర గుచ్చుకుంటుంది. బ్లేడు ముక్క మార్చుకునే రకంతో ముందు నేర్చుకోమని కొందరు చెప్తారు. నాకు ఆ సలహా నచ్చదు. అది తేలిగ్గా ఉంటుంది, చర్మాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది, చిన్న తప్పుని కూడా క్షమించదు. పైగా అసలు విద్యలో సగమైన తోలుపట్టీ పని, అంటే కత్తిని తోలు మీద తిప్పి అంచు సరిచేసుకోవడం, దానికి అక్కర్లేదు.

ఆ తోలుపట్టీ గురించే ఎక్కువ చెప్పాలి. గీసుకున్న ప్రతిసారీ ఆ సన్నటి అంచు కంటికి కనబడనంతగా అటూ ఇటూ ఒరుగుతుంది. పట్టీ మీద తిప్పడం దాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టడానికే. సానరాయిలా లోహాన్ని బాగా అరగదీసే పని దానిది కాదు. అందుకే రోజూ గీసుకునే ముందు తిప్పాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. రాయి మీద అంచు ముందు నడుస్తుంది. తోలు మీద దానికి ఎదురు, వెన్ను (అంచుకి అవతల మందంగా ఉండే వైపు) ముందు, అంచు వెనక. చివరికి రాగానే వెన్ను తోలుకి ఆనించే ఉంచి, దాని మీదుగా కత్తిని బోర్లించి, వెనక్కి తీసుకురా. బోర్లించడం మణికట్టుతో కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కత్తిని దొర్లించాలి. బోర్లించకముందే కత్తిని వెనక్కి లాగితే అంచు తగిలి తోలు తెగుతుంది. నా మొదటి పట్టీ మీద అలాంటి గాట్లు నాలుగు ఉన్నాయి, నాలుగూ తొందరలో పడ్డవే.

పట్టీని బిగించి లాగి పట్టుకో. వేలాడితే అంచు దగ్గర తోలు పైకి చుట్టుకుని, నిలబెట్టాల్సిన అంచుని గుండ్రం చేసేస్తుంది. ఒత్తిడి అసలు వద్దు, కత్తి బరువు చాలు. ముందు పట్టీకి ఉన్న గుడ్డ వైపు 20 సార్లు, తర్వాత తోలు వైపు 50 సార్లు పోనిచ్చి తెస్తే సరిపోతుంది. వేగం చూపించాల్సిన పని కాదిది. ఆదివారం దాకా ఇంకా రోజులున్నాయిగా, ఈలోపు పదును లేని వెన్న కత్తి ఒకటి తీసుకుని పట్టీ మీద బోర్లించడం సాధన చెయ్. చూడకుండా తిప్పగలిగాకే అసలు కత్తి తెరువు.

ఇంకో పని కూడా ముందే చెయ్యాలి. రెండు రోజుల గడ్డం మీద వేళ్లు అన్ని వైపులకీ నిమిరి చూడు. ఏ వైపు నున్నగా జారితే అదే వెంట్రుకల వాలు. చెంప మీద ఎక్కువమందికి కిందికి ఉంటుంది, మెడ దగ్గర మాత్రం పక్కకీ పైకీ కూడా తిరుగుతుంది. కాగితం మీద ముఖం గీసి బాణాలు వేసుకుంటే మర్చిపోవు. మొదటి నెల వాలు వెంటే గీసుకోవాలి. ఎదురు గీసుకోవడం గురించి ఇప్పుడు ఆలోచించకు.

గోరువెచ్చని నీళ్లతో ముఖం రెండు మూడు నిమిషాలు తడిపితే వెంట్రుక మెత్తబడుతుంది. బ్రష్‌తో సబ్బు నురుగు పెరుగులా చిక్కగా రావాలి, గాలి బుడగలతో కాదు. ఆరితే మళ్లీ రాసుకో.

ఇప్పుడు కత్తి పట్టు. చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు కత్తి మెడ (అంచుకీ పిడికీ మధ్య ఉండే సన్నటి భాగం) మీద, బొటనవేలు దాని కింద, చిటికెన వేలు చివరన ఉండే తోక వంపులో. పిడి పైకి తెరుచుకుని ఉంటుంది. గట్టిగా బిగించకు, జారిపోయేంత వదులుగానూ పట్టుకోకు. కత్తిని చెంపకి పూర్తిగా ఆనించి, వెన్నుని చర్మం నుంచి కొంచెం లేపు. ఆ సందు వెన్ను మందానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఉంటే చాలు, దాదాపు 30 డిగ్రీలు. అంతకన్నా లేపితే చర్మాన్ని గీరుతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకల్ని లాగుతుంది. రెండో చేత్తో చెవి ముందు చర్మాన్ని పైకి లాగి బిగించు. బిగించని చర్మం మీద కత్తి పెట్టనే వద్దు. రెండు సెంటీమీటర్ల చిన్న చిన్న గీతలు, అంచుకి అడ్డంగా తిన్నగా కిందికి. కత్తి దాని పొడుగు వెంట జరిగితే గీసుకోవడం కాదు, కోసుకోవడమే అవుతుంది. గాట్లలో చాలావరకు ఇలా పడ్డవే. చెంప మీద కత్తి పెట్టాక కదపకుండా ఒక్క క్షణం ఆగు, తర్వాతే కదులు. కిటుకు ఇదొక్కటే, మిగతాదంతా అలవాటు.

కుడి చెంప కుడి చేత్తో, ఎడమ చెంప ఎడమ చేత్తో గీసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో. ఎడమ చెయ్యి ఇబ్బంది పెడుతుంది, నిజమే. కానీ కుడి చేత్తో ముక్కు మీదుగా అటు వెళ్తే కత్తే అద్దంలో కనిపించకుండా అడ్డొస్తుంది. నా ఎడమ చెయ్యి కుదురుకోవడానికి మూడు వారాలు పట్టింది.

రెండో వారం దవడ కింద మెడ. మూడో వారం పై పెదవి, దాన్ని పళ్ల మీదికి కిందికి లాగి బిగించాలి. గడ్డం గుబ్బ అన్నిటికన్నా చివర. అక్కడ వంపు ప్రతి గీతకీ మారుతుంది, వెంట్రుక కూడా గట్టిది. కుదరని రోజు వదిలెయ్యి. నిద్ర చాలని రోజు, ఆఫీసుకి టైమ్ అయిపోతున్న రోజు కత్తి ముట్టుకోకు. ఫోన్ పక్క గదిలో పెట్టు, తలుపు గడియ వేసుకో. కత్తి చేజారితే పట్టుకోవడానికి చెయ్యి చాపకు, కాళ్లు వెనక్కి తీసుకో. కత్తి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నీ కత్తి ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ నువ్వు వాడకు, రక్తం ద్వారా హెపటైటిస్ బి లాంటివి అంటుకుంటాయి. మీ నాన్న కూడా ప్రయత్నిస్తానంటున్నాడట. రక్తం పలచబడే మందులు వాడుతున్నాడు కదా, ఆయనకి వద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు.

చిన్న గాటు పడితే చల్లటి నీళ్లు, ఆపైన తడిపిన పటిక ముక్క నొక్కిపట్టుకో. మంట పుడుతుంది గానీ రక్తం ఆగుతుంది. లోతుగా తెగితే గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

అయిపోయాక కత్తిని కడిగేటప్పుడు కుళాయికి తగలనివ్వకు. ఒక్క తాకిడికే అంచు చిట్లుతుంది. మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు మాత్రమే తుడువు. కార్బన్ స్టీల్‌కి తేమ శత్రువు, అంచు దగ్గర తుప్పు పడితే మళ్లీ రాయి ఎక్కాల్సిందే. తడిగా పిడిలోకి మడవకు, బాత్రూంలో దాచకు. నాలుగు రోజులు వాడవనుకుంటే పలచగా నూనె రాసి పెట్టు.

సానరాళ్లు కూడా కొందామా అని అడిగావు. ఇప్పుడే వద్దు. 1000 నంబరు రాయి మీద అంచు కట్టడం, 8000, 12000 నంబర్ల (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) మీద మెరుగుపెట్టడం ఇంకో విద్య, ఈ రెండూ ఒకేసారి నేర్చుకుంటే తప్పు ఎక్కడుందో తెలియదు. పట్టీ మీద శ్రద్ధగా తిప్పుకుంటే మంచి అంచు కొన్ని నెలలు నిలుస్తుంది. 50 సార్లు తిప్పినా కత్తి లాగుతున్నట్టు అనిపించిన రోజున నాకు ఫోన్ చెయ్. నా రాళ్లు తీసుకుని నేనే వస్తాను, ఇద్దరం కూర్చుని నూరుదాం. ఈలోపు ఆదివారం రెండు చెంపలూ అయ్యాక ఎలా ఉందో రాయి, ముఖ్యంగా ఎడమ చెయ్యి సంగతి.

ప్రేమతో,
మామయ్య