మూలకణాలు సరిపడా రాకపోతే?

ప్రశ్న: మా నాన్నగారికి మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్). ఆయన మూలకణాలనే సేకరించి తిరిగి ఎక్కిస్తామన్నారు గానీ, హైదరాబాద్‌లో రెండు రోజులు ప్రయత్నించినా సరిపడా రాలేదు. ఇక మార్గం లేదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉందమ్మా, ధైర్యంగా ఉండండి. రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (సీడీ34 అనే గుర్తు ఉన్న మూలకణాలు) కావాలి. మైలోమాకు ఇచ్చే మందు లెనలిడోమైడ్‌ను చాలా నెలలు వాడినవారిలో, వయసు పైబడినవారిలో, రేడియేషన్ తీసుకున్నవారిలో, మూలకణాలను రక్తంలోకి రప్పించే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇచ్చినా ఒక్కోసారి ఆ కణాలు ఎముక మూలుగను వదిలి రక్తంలోకి తగినన్ని రావు. అలాంటప్పుడు మూలుగలో వాటిని పట్టి ఉంచే బంధాన్ని సడలించే మందు ప్లెరిక్సాఫర్‌ను సాధారణంగా సేకరణకు ముందురోజు రాత్రి ఇస్తారు. ఖరీదైనదే అయినా, రెండో ప్రయత్నానికి ముందు డాక్టరుగారితో తప్పక చర్చించవలసిన మందు అది. మూలకణాలను సేకరించే యంత్రంపై ఉండగా నాన్నగారికి పెదవుల చుట్టూ తిమ్మిరెక్కితే, రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గుతుండవచ్చు; వెంటనే నర్సుకు చెప్పమనండి.