తాళం కప్ప మీద '7 లీవర్లు' అని రాసి ఉంటుంది, అంటే ఏంటి?

లోపల ఏడు పల్చటి లోహపు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయని. అవే లీవర్లు. అన్నీ ఒక చివర ఒకే పిన్నుకి గుచ్చి ఉంటాయి, రెండో చివర పైకి లేస్తుంది, వదిలేస్తే స్ప్రింగు మళ్లీ కిందికి నొక్కేస్తుంది. ప్రతి రేకుకీ ఒక గాడి ఉంటుంది కానీ అది ఉండే ఎత్తు ఒక్కోదానికీ ఒక్కోలా పెడతారు. కప్ప పైనుండే వంపు కడ్డీని పట్టి ఉంచే గడియకి చిన్న బొడిపె ఉంటుంది, అది ఆ గాళ్లన్నిట్లోంచీ దూరితే తప్ప గడియ జరగదు.

తాళం చెవి పళ్లు ఎగుడుదిగుడుగా ఉండేది అందుకే. తిప్పగానే ఒక్కో పన్ను ఒక్కో రేకుని దానికి కావాల్సినంతే ఎత్తుతుంది, గాళ్లన్నీ ఒకే వరసలోకొస్తాయి, బొడిపె దూరి గడియ వెనక్కి పోతుంది, కడ్డీ టప్పున పైకి లేస్తుంది.

అసలు తెలివంతా ఏంటంటే, రేకు తక్కువ లేచినా తెరుచుకోదు, ఎక్కువ లేచినా తెరుచుకోదు. ఈ పద్ధతికి ఇంగ్లండులో రాబర్ట్ బారన్ 1778లో పేటెంట్ తీసుకున్నాడు. సన్నటి గరుకు చెవితో తెరిచే సిలిండర్ తాళాలు వేరు, వాటిలో రేకుల బదులు చిన్న పిన్నులుంటాయి.

లీవర్లు ఎక్కువుంటే వేరే చెవితో తెరుచుకునే అవకాశం తగ్గుతుంది, అంతవరకే. కట్టర్‌తో కడ్డీనే కోసేవాడికి ఏడైనా ఒకటే, తొమ్మిదైనా ఒకటే! అన్నట్టు, బిగుసుకుపోతే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి రేకులు అతుక్కుపోతాయి. గ్రాఫైట్ పొడి నయం.